అన్నం కలిపిన చెయ్యి

అయిదున్నర బస్సులోపు చేయవలసినవి. ఒకటి, సత్తు గిన్నె బూడిదతో తోమి మరిగిన నీళ్ళతో కడగాలి. రెండు, పొద్దున విడిగా వండి దించిన అన్నం ఉప్పు వేయకుండా గంజి పోసి పిసకాలి. మూడు, పిసికేముందు చేతులు కడుక్కోవాలి, ముందు ఆముదం, తరవాత తవుడు, తరవాత పుల్లమజ్జిగ, ఆ వరస తప్పకూడదు. నాలుగు, చుక్కోడికి పెట్టాలి. అయిదు, పెట్టాక గంటసేపు దాని పక్కన కూర్చోవాలి, మధ్యలో లేవకూడదు. ఆరు, అమ్మ రెండో చీర, దువ్వెన, నాన్న తువ్వాలు సంచిలో సర్దాలి. ఏడు, ఒంగోలు వెళ్ళి అమ్మకు నిజం చెప్పాలి.

మొదటి నాలుగూ అయ్యాయి. ఇప్పుడు నేను అయిదోదానిలో ఉన్నాను. నా చేతి గడియారంలో నాలుగుకు పది నిమిషాలు తక్కువ. చుక్కోడు గిన్నె అడుగు మెరిసేదాకా నాకి, మూతి తుడుచుకుని, వసారాలో చూరు నీడ ఎంతమేర ఉందో చూసుకుని సరిగ్గా అందులో పట్టేటట్టు పడుకుంది. తెల్ల కుక్క, నుదుట నల్ల చుక్క, ఎడమ చెవి కొంచెం తెగింది. ఎండ ఇంకా దిగలేదు. పల్లె చివర కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి, అటునుంచి గాలి వస్తోంది. ఆ గాలిలో మిరపకాయల ఘాటు ఉందో లేదో నాకు తెలియదు. ఇక్కడ పుట్టినవాళ్ళకు అది తెలియదు. బయటూరి కండక్టరు మా ఊరి దగ్గర బస్సు ఆగగానే తుమ్ముతాడు, అప్పుడు గుర్తొస్తుంది మనం మిరప నేలలో ఉన్నామని. తుమ్ము సంగతి తరవాత ఆలోచించాలి. ముందు దాని పొట్ట చూడాలి. పొట్ట లేస్తోంది, దిగుతోంది. పక్కటెముకల కింద చిన్న కదలిక ఒకటి ఉంది, అది ఊపిరిదా, అన్నం లోపల సర్దుకోవడమా అన్నది బయటనుంచి చెప్పలేను.

ఈ పిడికెడు అన్నం గంటసేపు దాని కడుపులో నిలిస్తే రేపు పదింటికి అమ్మకు ఆపరేషన్ అవుతుంది. నిలవకపోతే కాదు. వినేవాళ్ళకు వింతగా ఉంటుంది, నాకూ మొదట వింతగానే ఉంది. అమ్మ గర్భసంచిలో గడ్డ ఉంది. ఇప్పటికే ఆలస్యమైందని, ఇంక ఆపితే బాధ్యత మీదేనని డాక్టరమ్మ చెప్పింది. నిన్న సాయంత్రం కాగితం తెచ్చి, అమ్మ బొటనవేలికి సిరా కూడా రాసింది. అమ్మ ఆ వేలు పైకి పట్టుకుని, నా మొహం చూసి, "చుక్కోడు తింటన్నాడా?" అంది.

"తింటుందమ్మా."

"ఏం పెట్టావు?"

"గంజన్నం."

"పెట్టి ఎంతసేపు కూచున్నావు వాడి దగ్గర?"

నేను మంచం మీది దుప్పటి సరిచేశాను. అమ్మ సిరా వేలిని చీర చెంగుకు తుడిచేసింది. "మూడేళ్ళనుంచి గంట కూచోకుండా నేను లేవలేదే. నువ్వు పెట్టి పోయినాక వాడు దొడ్లోకి పోయి కక్కితే నీకెట్టా తెలుసుద్ది? నీకు అబద్ధం చెప్పడం రాదు కుమారీ. అన్ని పాఠాలు చెప్పినోళ్ళు అదొక్కటి చెప్పలేదే నీకు?" అంది. పక్క మంచం ఆవిడ నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. అమ్మ ఆవిడ వైపు తిరిగి, మర్యాదగా, "ఒక్కరోజమ్మా. మా అమ్మాయి రేపు కళ్ళారా చూసి వచ్చి చెబుద్ది. అప్పుడు వేస్తాను. నేను మత్తులో పోతే వాడికి ఎవరు పెడతారో తెలియాలి గదా," అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న తల దించుకుని తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. నాన్న జీవితంలో అమ్మను ఒప్పించిన రోజు నాకు గుర్తు లేదు.

నాలుగు కొట్టింది. పది నిమిషాలు గడిచాయి. ఇదివరకు రెండుసార్లు పది నిమిషాలకే కక్కింది, కాబట్టి ఒక మెట్టు దాటినట్టే. పొట్ట లోపల ఇప్పుడు ఏం జరుగుతూ ఉంటుంది. డిగ్రీ రెండో సంవత్సరంలో కప్పను కోశాను. మైనపు పళ్ళెంలో వెల్లకిలా గుండుసూదులు గుచ్చి, కత్తెర పైపైన నడిపించి తెరిస్తే, తెల్లటి చిన్న సంచి, నా బొటనవేలంత. ఇంతేనా పొట్ట అనిపించింది. ఇంత చిన్నదాని కోసమా అమ్మ చీకటితో లేచి, నాన్న పరుగెత్తి, పల్లె పల్లెంతా పొలాలమీద పడేది. పక్కనున్న అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం దాన్ని కోసి లోపల ఏముందో చూడాలని ఉండింది. చూశాను. ఒక చీమ ఉంది, సగం కరిగిన చీమ. రికార్డులో బొమ్మ వేసి చీమను కూడా వేస్తే మేడం కొట్టేసి, "పుస్తకంలో ఉన్నది వెయ్యి, నీకు కనపడింది కాదు," అంది. ఆ మాట చాలా రోజులు మోశాను. ఇప్పుడు నా చేతిలో ఉన్న నోటుబుక్కులో నాకు కనపడిందే రాస్తున్నాను, ఎనిమిది రోజులుగా. రాయడమే చేశాను, చదవలేదు. ఆ సంగతి పొద్దున తెలిసింది.

మొదటి పేజీలో ఇమాం హుస్సేన్ గారి మాటలున్నాయి. ఆయన అద్దంకి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఒంగోలునుంచి వస్తూ మధ్యలో దిగి వెళ్ళి అడిగాను, కుక్కకు ఏది పెట్టినా ఇమడడం లేదు, ఏం పెట్టాలి అని. ఆయన ఒక గేదెకు సూది వేస్తూ, "గేదెలు రాస్తారు, ఎద్దులు రాస్తారు, అమ్మా, ఈ రిజిస్టరులో కుక్కకు గడే లేదు. కోళ్ళ కింద రాయమంటావా?" అన్నాడు. తరవాత చేతులు కడుక్కుని వచ్చి, తన టీ గ్లాసు పక్కన పెట్టి, నిదానంగా చెప్పాడు. పెరిగిన కుక్కకు పాలు పడవు. నూనె, ఉప్పు, కారం అసలు వద్దు. ఒక్కసారి ఒక్క వస్తువే పెట్టు. నాలుగు కలిపి పెడితే ఏది పడలేదో దేవుడికి కూడా తెలియదు. పెట్టాక గంట చూడు. గంట నిలిస్తే అది దాని అన్నం. "మీ అమ్మగారు ఏం పెట్టేవారు?" అని అడిగాడు. గంజన్నం అన్నాను. "మరి అదే పెట్టు," అన్నాడు. అదే పెడితేనే కక్కింది సార్ అన్నాను. ఆయన టీ గ్లాసు ఎత్తి, తాగకుండా కాసేపు పట్టుకున్నాడు. "అదే అన్నం, అదే కుక్క. మారిందేంటి మరి?" అన్నాడు. మారింది అమ్మ లేకపోవడం అనుకున్నాను. దిగులుతో కక్కుతోందనుకున్నాను. దిగులుకు మందు లేదు కదా అని బస్సెక్కాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు అది కాదు. నేను అక్కడే ఆగి ఆలోచించి ఉంటే వారం కలిసొచ్చేది.

చుక్కోడు తల ఎత్తింది. ఈగ. చెవి విదిలించి మళ్ళీ తల కాళ్ళమీద పెట్టుకుంది.

తరవాతి పేజీలు. మంగళవారం, పెరుగన్నం, పదిహేను నిమిషాలకు కక్కింది, పెట్టగానే దానికి తుమ్ములు రెండు. బుధవారం, రాగిసంకటి చల్లార్చి చిదిపి, ఇరవై నిమిషాలకు కక్కింది, తుమ్ము ఒకటి. గురువారం, ఉడికించిన గుడ్డు నలిపి, పది నిమిషాలకు. శుక్రవారం సగ్గుబియ్యం జావ. అది గరిటెతో పోశాను, చేత్తో కలిపే పని లేదు, ముప్పావుగంట నిలిచింది, గంట కాకుండానే నేను బస్సుకు పోవలసి వచ్చింది. ఎదురుగా "తెలియదు" అని రాసి కింద గీత గీశాను. శనివారం కోడికూర బొమికలు ఉడికించిన నీళ్ళలో అన్నం పిసికి, అదీ పోయింది. అది కక్కుతున్నప్పుడు నడుము ఎలా వంచేదంటే, ముందు మెడ చాచి, తరవాత వీపు విల్లులా చేసి, లోపలినుంచి ఎవరో తోడుతున్నట్టు. కక్కేసి నావైపు చూసేది. తప్పు చేసినట్టు. తనే గరిక వెతుక్కుని నమిలేది. ఆదివారం అమ్మ పెట్టే గంజన్నమే పెట్టాను, గంట నిలిచింది. నోటుబుక్కులో ఆ రోజు గీతలు వంకరగా ఉన్నాయి, సంతోషంతో రాసినట్టున్నాను. గుడిలో ప్రార్థన చేసి వచ్చాను కదా, అదే అనుకున్నాను. సోమవారం అదే గంజన్నం, అదే గిన్నె, అదే వేళ. పదిహేను నిమిషాలకు కక్కింది, తుమ్ములు మూడు. ప్రార్థన ఒక్కరోజుకే పనిచేస్తుందా అని నాకు కోపం వచ్చింది. దేవుడి మీదా, కుక్క మీదా అన్నది తేల్చుకోలేదు.

నాలుగూ పన్నెండు. చూరు నీడ జానెడు జరిగింది, చుక్కోడూ జానెడు జరిగింది.

దీనికి ఈ కడుపు వచ్చింది పత్తి చేలో. తెల్లదోమ పత్తిని మింగిన ఏడాది అది, నేను గుంటూరులో హాస్టల్లో ఉన్నాను. అమ్మ చెప్పిందే నాకు తెలుసు, చెప్పిన ప్రతిసారీ ఒకేలా చెప్పేది, ఒక్క మాట పెంచేది కాదు. మందు కొట్టేవాళ్ళు బకెట్లో మందు కలిపారు. ఆ బకెట్టుతోనే మోటబావి నీళ్ళు చేది గట్టుమీద పెట్టారు, కడిగారో లేదో ఎవరూ అడగలేదు. ఎండ. అమ్మ కలుపు తీస్తూ వచ్చి దోసిలి పట్టింది. చుక్కోడు అప్పుడు ఏడాది పిల్ల, నాలిక బయటపెట్టి పక్కన నిలబడింది. మా అమ్మకు ఒక అలవాటు ఉంది, వెంట వచ్చిన జీవానికి ముందు పోయకుండా తను తాగదు. దోసిలి దాని మూతి దగ్గర పెట్టింది. అది గటగటా తాగింది. అమ్మ రెండో దోసిలి ముంచుకుని నోటిదాకా తెచ్చేసరికి దాని వెనక కాళ్ళు తన్నుకోవడం మొదలైంది. అమ్మ దోసిలి వదిలేసింది. చింతపండు నీళ్ళు పట్టి, భుజాన వేసుకుని మూడు మైళ్ళు నడిచింది. అది బతికింది, కాని దాని పొట్ట లోపల ఏదో కాలిపోయింది. ఆనాటినుంచి పల్లెలో కుక్కలన్నీ తినేది అది తినలేదు. "నేను తాగాల్సిన నీళ్ళు వాడు తాగాడు," అనేది అమ్మ. అక్కడ ఆగేది కాదు. "తాపింది కూడా నేనే. ఈ చేత్తోనే," అనేది. తన చేతిని తనే చూసుకునేది, వేరే ఎవరిదో చూసినట్టు. అందుకని ఆ చేత్తోనే మూడేళ్ళుగా పూటపూటా కలిపి పెట్టి గంట కూర్చుంటోంది. నేను సెలవులకు వచ్చి, "అమ్మా, కుక్కకు ఇంత అవసరమా, గిన్నెలో వేసి రావచ్చుగా," అంటే, "నువ్వు చదువుకో," అనేది. అంతే.

నాలుగూ ఇరవై. అరగంట. అది లేచింది.

లేచి ఒళ్ళు విరిచింది, ముందు కాళ్ళు చాచి, తోక పైకి. నేను లేవకూడదు. అయిదో పనిలో లేవకూడదని నేనే రాసుకున్నాను. అది వసారా దిగి దడి పక్కకు పోయి గరిక వాసన చూసింది. గరిక తింటే కక్కడానికే. తినకు, తినకు అని లోపల అనుకుంటున్నాను. మా స్కూల్లో పరీక్ష హాల్లో తిరుగుతూ ఒక పిల్లవాడు తప్పు జవాబు రాయబోతుంటే ఇలాగే నోరు నొక్కుకుంటాను. అద్దంకిలో సైన్సు చెబుతాను నేను, రెండేళ్ళయింది, ఇప్పుడు సెలవులో ఉన్నాను. చుక్కోడు గరిక వదిలేసి దడి గుంజ మీద కాలెత్తి, పని ముగించి, వెనక్కి వచ్చి పడుకుంది.

సెలవు పెట్టింది ఆసుపత్రి కోసం ఒక్కదానికే కాదు. అమ్మ చోటు కోసం కూడా. మిరపకాయలు కోసి కల్లంలో ఎండాక తొడిమలు తీయడానికి ఆడవాళ్ళు ముఠాగా కూర్చుంటారు. ఎవరి చోటు వాళ్ళది. చోటు మూడు రోజులు ఖాళీగా ఉంటే నాలుగో రోజు ఇంకొకరు కూర్చుంటారు, ఆ సీజనంతా అది వాళ్ళదే. అందుకని మనిషి జబ్బుపడితే ఇంట్లోవాళ్ళెవరో వచ్చి ఆ చోట్లో కూర్చోవాలి. చేతివేగం లేకపోయినా ఫర్వాలేదు, మనిషి కనపడాలి. అమ్మ చోటు చెంచమ్మ పక్కన. వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటున్నారు. చీకటితో ఒంగోలు బస్సు దిగి కల్లానికి పోయి మధ్యాహ్నందాకా తొడిమలు తీసి, ఇంటికి వచ్చి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని అన్నం కలిపేదాన్ని. మూడుసార్లు. లెక్కపెట్టి. ఆ లెక్క కూడా నోటుబుక్కులో ఉంది, "చేతులు శుభ్రంగా కడిగాను" అని, ఆదివారం తప్ప ప్రతిరోజూ. ఆదివారం రాయడం మరిచిపోయాను.

ఈ పొద్దున జొన్నరొట్టె తినడానికి కల్లం పక్క తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడిగి, కంట్లో నలక పడితే నలుపుకున్నాను. కన్ను భగ్గుమంది. నీళ్ళు కొట్టినకొద్దీ మంట పెరిగింది. కూర్చుండిపోయాను. చెంచమ్మ చూసింది. ఆమె నవ్వితే కల్లమంతా వినపడుతుంది.

"సబ్బుతో పోద్దనుకున్నావా? ఏం చదివావమ్మా గుంటూర్లో?"

"మూడుసార్లు కడిగాను అత్తా."

"ముప్పైసార్లు కడుగు. నీళ్ళతో కారం పోయేటట్టయితే వానొచ్చిన రోజు మనమంతా దొరసానులం అయిపోయేవాళ్ళం. మీ అమ్మ ఏం చేసుద్దో చూళ్ళేదా? ఆముదం రుద్దుద్ది. తవుడుతో ఆ జిడ్డు తీసుద్ది. పుల్లమజ్జిగలో నానబెట్టుద్ది. అప్పుడుగాని కుండలో చెయ్యి పెట్టదు. ఆ కుక్కకు చేసే మర్యాద మా ఆయనకి నేను పెళ్ళిరోజు కూడా చెయ్యలేదు."

అందరూ నవ్వారు. నేను కన్ను మూసుకునే ఉన్నాను. మూసిన కంటిలో నోటుబుక్కు పేజీలు తిరిగాయి. తుమ్ములు రెండు, తుమ్ము ఒకటి, తుమ్ములు మూడు. కండక్టరు తుమ్ము. శుక్రవారం గరిటెతో పోసిన జావ. ఆదివారం. ఆదివారం కల్లం లేదు, గుడికి పోయే ముందు తలకు నూనె పెట్టుకున్నాను, అరచేతులు రెండూ రుద్ది రుద్ది, తరవాత కుంకుడుకాయతో కడుక్కున్నాను. నూనె. మిరప మంట నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఇది నేను పరీక్షలో రాశాను. రెండు మార్కుల ప్రశ్న. రెండుకు రెండూ వచ్చాయి. ఆ రాసిన చేత్తోనే ఎనిమిది రోజులు, ఉప్పు కూడా వేయకుండా, నూనె చుక్క తగలకుండా, కాంపౌండరు గారు చెప్పినట్టే అన్నీ మానేసి, నా వేళ్ళ సందుల్లోని కారం ఆ కాలిన కడుపులోకి పిసికి పెట్టాను. దానికి పడే అన్నం ఏదని ఆరు రకాలు వెతికాను. అన్నం ఎప్పుడూ తప్పు చేయలేదు. అదే అన్నం, అదే కుక్క, మారిందేంటి అని ఆయన అడిగాడు. చెయ్యి మారింది సార్.

నాలుగూ ముప్పై అయిదు. నిలిచింది. ఇంకా పదిహేను నిమిషాలు.

చెంచమ్మ చెప్పింది ఒకటి, నాకు కనపడింది ఇంకొకటి. ఆముదం, తవుడు, పుల్లమజ్జిగ. ఆ వాసన నాకు తెలుసు. ఆ మూడూ కలిసిన వాసన, జిడ్డుగా, పుల్లగా, కొంచెం గడ్డిలాగా. నాకు నాలుగేళ్ళో అయిదేళ్ళో. మాఘమాసంలో అమ్మ కల్లంనుంచి వస్తే పరుగెత్తేదాన్ని. అమ్మ రెండు చేతులూ పైకెత్తేసేది, దొంగను పట్టుకుంటే ఎత్తినట్టు. "ముట్టుకోకు, ముట్టుకోకు," అని దూరం జరిగేది. నేను ఏడ్చేదాన్ని. ఊళ్ళో పెద్దిళ్ళ దగ్గర మాకు నీళ్ళు పైనుంచి పోస్తారు, చెంబు మాకు తగలకుండా చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుంటారు. అందుకని చెయ్యి ఎత్తితే నేను ముట్టుకోరానిదాన్నని నాకు ముందే తెలుసు. అమ్మ కూడా అలా ఎత్తడం ఎందుకో తెలియలేదు. అడగలేదు. మిరపకాయల కాలం పోయాక అమ్మ మామూలుగా ఎత్తుకునేది కాబట్టి మరిచిపోయాను. మరిచిపోయాననుకున్నాను. ఎత్తిన ఆ చేతులు వెనక దొడ్లోకి పోయేవి, అరగంట కనపడేవి కావు. తిరిగి వచ్చినప్పుడు ఆ వాసన ఉండేది. అప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గిన్నెలో అన్నం కలిపి ముద్దలు పెట్టేది, నేను అలిగి మొహం తిప్పుకునేదాన్ని. ఆ అరగంట నా కోసమని ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పే మనిషి కాదు. నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చాక, కంట్లో కారం పడితే గాని చూడలేకపోయాను.

మధ్యాహ్నం వచ్చి వెనక దొడ్లో చూస్తే చూరు కింద ఆముదం సీసా, తవుడు డబ్బా, మజ్జిగ ముంత వరసగా ఉన్నాయి. ఎనిమిది రోజులుగా వాటి పక్కనుంచే నీళ్ళకు పోయాను. మజ్జిగ అడుగంటి ఎండిపోయింది, చెంచమ్మ ఇంటినుంచి తెచ్చుకున్నాను. ఆముదం పోసుకుని రుద్దుతుంటే వేళ్ళ సందుల్లో మంట కదిలింది, ఇన్నాళ్ళూ అక్కడ ఉన్నట్టే తెలియని మంట. తవుడు పట్టించాను, ముద్దముద్దగా రాలింది. మజ్జిగలో ముంచి కూర్చున్నాను. ఎంతసేపో అమ్మను అడగలేదు కాబట్టి, చిన్నప్పుడు నేను ఏడ్చినంతసేపు అనుకున్నాను. తరవాత అన్నం, గంజి, ఉప్పు లేకుండా, సోమవారం పెట్టినట్టే అంతా. ఒక్కటే మార్చాలి, మిగిలినవి మార్చకూడదు. గిన్నె దగ్గర పెట్టి చూశాను. చుక్కోడు వాసన చూసింది. తుమ్మలేదు. నోటుబుక్కులో "తుమ్ములు సున్న" అని రాసి దాని వంక చూశాను. అది తల ఎత్తలేదు, తింటోంది.

నాలుగూ నలభై అయిదు. అది మళ్ళీ లేచింది. ఈసారి వేరుగా లేచింది. మెడ చాచింది. నాకు తెలిసిన చాపే, ఆ ముందుకు వంగే మెడ. వీపు కొంచెం వంగింది. గొంతులో ఏదో కదిలింది. సంచి, చీర, దువ్వెన, సిరా తుడిచిన చెంగు, నాన్న తువ్వాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. నేను కదలలేదు. గిన్నె మీద పడ్డ నా నీడ కూడా కదలలేదు. అది నోరు తెరిచింది. పెద్దగా, పళ్ళన్నీ కనపడేటట్టు, ఆవలించింది. చివర్లో సన్నగా కూత పెట్టి నోరు మూసుకుంది. కుక్క ఆవలింతను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి మా జిల్లాలో ఉండి ఉండదు.

నాలుగూ యాభై. గంట.

అది నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఎనిమిది రోజులుగా నా చెయ్యి చాస్తే తల పక్కకు తిప్పుకునేది, అమ్మ లేదన్న అలక అనుకున్నాను. ఇప్పుడు మూతి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. చాలాసేపు వాసన చూసింది. తరవాత నాకింది, వేలు వేలూ, సందు సందూ, లోపల ఏదో వెతుకుతున్నట్టు. వాడికి ఆ చెయ్యి ఎవరిదో తెలుసు. నాది కాదు.

ఇక ఆరోది సర్దడం, ఏడోది చెప్పడం. ఏడోదానికి మాటలు కూర్చుకుంటూ ఉన్నాను, గంట కూర్చున్నానమ్మా, నిలిచిందమ్మా, తప్పు నాదమ్మా అని. కాని బస్సు దిగి ఆ మంచం పక్కకు పోతే అమ్మ ముందు నా చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకున్న చేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుంటుంది. ఆముదం, తవుడు, పుల్లమజ్జిగ. ఇంక నేను చెప్పేదేమీ ఉండదు. వేలు తనే చాస్తుంది, డాక్టరమ్మ వైపు.

రేపు పదింటికి. ఇది రాసేసరికి ఆ పది ఇంకా కాలేదు, ఏమవుతుందో నాకు తెలియదు. మీకు ఒక మాట. మీ వంటింట్లో ఎండుమిరపకాయకు తొడిమ లేదంటే, దాన్ని ఒక చెయ్యి తీసింది, ఆ చెయ్యి ఇంటికి పోయి తన బిడ్డను ముట్టుకోవడానికి అరగంట ఆగింది. పోపులో వేసే ముందు ఆ మనిషిని మీ ప్రార్థనలో ఒక్కసారి తలుచుకోండి. మీకు ప్రార్థన అలవాటు లేకపోతే ఊరికే తలుచుకోండి. ఆసుపత్రి కాగితంలో అమ్మ బాప్తిస్మం పేరు రెబ్కా అని రాశారు. మేము కొండమ్మ అంటాం. ఏ పేరుతో తలుచుకున్నా ఆమెకు చేరుతుంది.